పంతుళ్ల గదిలో సాంచాల మనిషి

మా వాడికీ కోడలికీ సూరత్‌లో ఒక పెద్ద ప్రైవేటు బడిలో ఉద్యోగాలు వచ్చాయి. వాడు లెక్కలు చెబుతాడు, ఆమె సైన్సు. ఉండటానికి క్వార్టరు ఇస్తామని బడివాళ్లు ఉత్తరంలో రాశారు. తీరా రైలు దిగాక క్వార్టరు ఇంకా కడుతున్నామన్నారు. ఎక్కడైనా ఇల్లు చూసుకోండి, అందాకా ఉండండి అని ఉధ్నా మెయిన్ రోడ్డు మీద ఒక హోటల్లో మూడో అంతస్తున ఒక గది ఇచ్చారు. ముప్పై రోజులు గడువు. మేము నలుగురం: వాడు, కోడలు, పదో తరగతిలోకి వచ్చిన మనవరాలు, నేను. మా ఆవిడ పోయి ఏడాదైంది.

సూరత్ నాకు కొత్త కాదు. ఇదే ఉధ్నాలో ఇరవై రెండేళ్లు మరమగ్గాలు నడిపాను. మా దిక్కు మరమగ్గాన్ని సాంచా అంటారు. ఊరి నుంచి ఇక్కడికి వచ్చేవాణ్ణి పరదేశం పోయిండు అనేవారు. పాస్‌పోర్టు అడగరన్న మాటే గాని, నోట్లోని మాట ఎవరికీ అర్థం కాని చోటు పరదేశం కాక మరేమిటి? ఆ రోజుల్లో కారీగర్‌గా, అంటే సాంచాల పనివాడిగా వచ్చి, మా ఆవిడను తెచ్చుకునేదాకా పదిమందిమి ఒక ఖోలీలో, ఒకే ఇరుకు గదిలో పడుకున్నాం. ఇప్పుడు పంతుళ్ల కుటుంబంగా వచ్చి నలుగురం ఒక గదిలో పడుకున్నాం. మధ్యలో రెండు తరాల చదువు ఉంది. దాని వల్ల ఒక్కొక్కరికి ఎన్ని అడుగుల జాగా పెరిగిందో లెక్కల మాస్టరే చెప్పాలి.

దిగిన రోజు కౌంటరు దగ్గర మేనేజరు పెద్ద రిజిస్టరు మా వైపు తిప్పి పెట్టాడు. పేరు, ఊరు, వయసు, వృత్తి. మా వాడు గడగడా నింపాడు. తన గడిలో టీచర్, భార్య గడిలో టీచర్, బిడ్డ గడిలో స్టూడెంట్. నా గడి దగ్గర పెన్ను ఆగింది. తర్వాత రిటైర్డ్ టీచర్ అని రాశాడు.

"ఏందిరా అది?" అన్నాను.

"ఊకో బాపు. బడోళ్లు టీచర్ ఫ్యామిలీ అని బుక్ చేసిండ్రు. అందరిదీ ఒక్క తీరుగుంటే మంచిది."

"ఏ బళ్లె చెప్పిన్నో గది సుత రాయరాదు మల్ల."

"తాతా, లిఫ్ట్ వచ్చింది," అంది మనవరాలు.

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. ఖోలీలో చింతపండు, పప్పు పొట్లాలు కట్టి తెచ్చుకున్న కాగితాలు విప్పి, వాటి మీది తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. హిందీ రైల్వే స్టేషన్ బోర్డుల మీద, గుజరాతీ దుకాణాల మీద. తర్వాత పదిమందికీ ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టింది, వచ్చినవి చదివిపెట్టింది నేనే. దాన్ని ఎవరూ ఉద్యోగం అనలేదు. అనమని నేనూ అడగలేదు. కానీ సాంచాల మధ్య నిలబడ్డ ఇరవై రెండేళ్లను కన్నకొడుకు ఒక గడిలో నుంచి మాయం చేస్తే ఏమనాలి? వెనకటి రోజుల్లో అయితే ఆ రిజిస్టరు గుంజుకుని, ఆ మాట కొట్టేసి, నా చేత్తో రాసేవాణ్ణి. కార్ఖానా సేటుల మొహాల మీదే నాలుగు మాటలని పని మానేసి వచ్చినవాణ్ణి. ఆ రోజు చెయ్యి లేవలేదు. మా ఆవిడ పోయినప్పటి నుంచీ ఇంతే. కోపం వస్తున్నట్టు తెలుస్తుంది, రాదు. తుమ్ము ముక్కుదాకా వచ్చి ఆగిపోయినట్టు.

ఆ సాయంత్రం నుంచి మేనేజరు నన్ను మాస్టర్‌జీ అనడం మొదలుపెట్టాడు. కింద హాల్లోని గుజరాతీ పేపరు ముందు నాకే ఇచ్చేవాడు. తీసుకునేవాణ్ణి.

హోటల్లో రోజులన్నీ ఒకే రోజులా ఉండేవి. పొద్దున్నే కింద టిఫిను: పోహా, తీపి చాయ్. ఇక్కడ పప్పులో కూడా బెల్లం పడుతుంది. వారం తిరిగేసరికి కోడలు ఆ పప్పు ముట్టడం మానేసింది. గదిలో వంట చేయరాదని తలుపు వెనక మూడు భాషల్లో రాసి ఉంది. నేను మూడింట్లోనూ చదివి వినిపించాను. ఆమె విని, బాత్రూంలో కరెంటు కుక్కరు పెట్టి అన్నం వండింది. ఆవిరి బయటికి పోకుండా తలుపు కింద తడి తువ్వాలు దోపింది. సైన్సు టీచరు కదా. గదులు ఊడ్చే ఆమె ఒడియా మనిషి. ముక్కు ఎగబీల్చి మా వైపు చూసింది. కోడలు చిన్న గిన్నెలో మామిడికాయ తొక్కు పెట్టి ఇచ్చింది. మర్నాటి నుంచి ఆమెకు మా గదిలో ఏ వాసనా తగల్లేదు.

పొద్దున ఆరున్నరకు ముగ్గురూ బడికి వెళ్లిపోయేవారు. నేను మంచం మీద కూర్చునేవాణ్ణి. దుప్పట్లు మార్చేవాళ్లు వచ్చి, నేను కూర్చున్న చోటు వదిలి మిగతాదంతా సర్దిపోయేవారు. ఉధ్నా వీధులు చూసి వద్దామని రెండుసార్లు చెప్పులు వేసుకున్నాను. కింద దాకా పోయి, పేపరు చదివి, పైకి వచ్చాను. నేను పనిచేసిన కార్ఖానా అక్కడికి అరగంట నడక కూడా ఉండదు. చూడాలనిపించలేదు. ఎందుకనిపించలేదో కూడా ఆలోచించలేదు.

సాయంత్రమైతే గది నిండేది. అమ్మా కూతుళ్లకు ఒక మంచం, నాకొకటి, మా వాడికి నేల మీద పరుపు. కర్టెన్ కమ్మీ మీద యూనిఫారాలు ఆరేవి. పిల్ల ఇస్త్రీ బల్ల విప్పి, దాని మీద పుస్తకాలు పెట్టుకుని నిలబడి చదివేది. కూర్చుంటే అందదు. ఆమె ఒక లెక్క సగం చేసేసరికి అమ్మ లైటు కింద కాపీలు దిద్దడానికి వచ్చేది, నాన్నకు ఫోనొచ్చేది, నేను దగ్గేవాణ్ణి. పక్క గదుల్లో చీరెల బేరానికి వచ్చిన వ్యాపారులు. గోడల్లోంచి వాళ్ల బేరాలన్నీ మాకు వినబడేవి.

"నాకు వేరే ఏమొద్దు డాడీ," అంది ఒకరోజు, పుస్తకం మూసి. "ఒక్క రూం. తలుపేస్తే పడాలె. మీరెవ్వలు కనబడొద్దు, వినబడొద్దు. టెన్త్ అయిపోయినంక మల్లా మాట్లాడుకుందాం."

నవ్వాం. కానీ మా నలుగురికీ అప్పుడు కావలసింది నిజంగా అదొక్కటే. పిల్లకు తలుపు వేసుకుని చదువుకునే ఒక గది. ముప్పైలో ఇరవై రోజులు అప్పటికే అయిపోయాయి.

ఇళ్లు లేక కాదు. ఏ అపార్టుమెంటు సొసైటీకి వెళ్లినా రెండు ప్రశ్నలు. మాంసం తింటారా? ఎవరెవరు ఏమేం చేస్తారు? మొదటిదానికి మా వాడు శుద్ధ శాకాహారులం అని చెప్పేవాడు. లెక్కల మాస్టరు కదా, ఆదివారాలను లెక్కలోంచి తీసేశాడు. రెండో ప్రశ్నకు నా దగ్గర మళ్లీ పెన్ను ఆగినట్టే నోరు ఆగేది. కారీగర్లకు ఇల్లు ఇవ్వరని ఒక బ్రోకరు ముందే చెప్పాడు. ఒకడికిస్తే పదిమంది దిగుతారట. ఆ పదిమంది నేసిన బట్టతోనే ఆ సొసైటీల్లో కర్టెన్లు వేలాడుతున్నాయి. ఆ మాట అతనితో అన్నాను కూడా, హిందీలో. అయితే అన్నట్టు కాదు, ఎక్కడో చదివింది అప్పజెప్పినట్టు వచ్చింది.

చివరికి ఒకటి కుదిరేటట్టు కనిపించింది. బడికి నడిచిపోయేంత దూరం. రెండో అంతస్తు. ఇంటి యజమానే ఆ సొసైటీకి చైర్మన్. మార్కెట్లో బట్టల దుకాణం, సొంతంగా కొన్ని మగ్గాలు ఉన్నాయట. కుటుంబం మొత్తాన్నీ తీసుకురండి, చూసి చెబుతాను అన్నాడు.

ఆ రోజు మా వాడు నా తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేశాడు. జేబులో పెన్ను పెట్టాడు.

"పెన్నెందుకురా?"

"మాస్టర్ల జేబుల పెన్నుంటది బాపు."

"నీ జేబుల లేదు గదా?"

"నాది ఫోన్ల ఉంటది." నా కాలరు సరిచేస్తూ మెల్లగా అన్నాడు. "జర తక్కువ మాట్లాడు. ఏం చెప్పేటోళ్లు అంటే తెలుగు అను. వాళ్లు తెలుగుల ప్రశ్నలు అడగరు."

"అడిగితే నీకంటె ఎక్కువే చెప్త."

"గదే వద్దంటున్న."

చైర్మన్ మంచివాడిలాగే ఉన్నాడు. నాకంటె ఇరవై ఏళ్లు చిన్నవాడై ఉంటాడు. చాయ్ తెప్పించాడు. మాస్టర్‌జీ ఏం చెప్పేవారు అని అడిగాడు. తెలుగు అన్నాను. "బహుత్ అచ్ఛా," అన్నాడు. ఆయన భార్య పిల్లను తీసుకెళ్లి మాకివ్వబోయే ఇంట్లో చిన్నగది చూపించింది. పిల్ల తిరిగొచ్చి నా చెవిలో, "తాతా, లోపల గొళ్లెం సుత ఉంది," అంది. సూరత్ వచ్చినప్పటి నుంచి దాని మొహం అంత తేటగా ఉండటం అదే మొదటిసారి. కోడలు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. పని అయిపోయినట్టే.

చైర్మన్ ముందు బల్ల మీద ఒక దారపు కోను ఉంది. ఎవరో కొత్త సరుకు నమూనా పంపారట. మాటల మధ్యలో దాని దారం రెండు చేతులతో లాగి చూశాడు. టప్పున తెగింది.

"చూశారా మాస్టర్‌జీ, ఇదీ ఈ రోజుల్లో వచ్చే మాల్," అని నవ్వి, తెగిన కొసలు రెండూ బల్ల మీద వదిలేశాడు.

ఖోలీలో నాకు పని నేర్పింది మా దిక్కు పెద్దమనిషే ఒకాయన. ఆయనకు ఒకటే నియమం. తెగిన పోగును చూసి దాటిపోయినవాడు సాంచాల మధ్య నిలబడటానికి పనికిరాడు. నీ సాంచా కాకపోయినా సరే, పక్కవాడిదైనా సరే, కనబడితే కట్టి పోవాలి. వీపు మీద చరిచి నేర్పాడు. మా వాళ్లలో ఎవరి చెయ్యినైనా చూడండి, అంతే.

కొసలు రెండూ నా వేళ్ల మధ్యకు ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు. బొటనవేలి కింద ఒకటి, దాని మీదుగా రెండోది, ఒక మెలిక, ఒక గుంజు. మిగిలిన తోకను పళ్లతో కొరికేశాను. రెప్పపాటు పని. కొరికాక చూస్తే అందరి కళ్లూ నా వేళ్ల మీదే ఉన్నాయి.

చైర్మన్ దారం అందుకుని ముడిని వెలుతురుకు పట్టి చూశాడు. గట్టిగా లాగాడు. ముడి ఊడలేదు, దాని పక్కన దారం తెగింది.

"మాస్టర్‌జీ," అన్నాడు హిందీలో, "ఇది ఏ స్కూల్లో నేర్పుతారు?"

మా వాడు అందుకున్నాడు. మా ఇంట్లో తాతల కాలంలో చేతిమగ్గం ఉండేదని, చిన్నప్పుడు చూసి నేర్చుకుని ఉంటారని ఏదో అన్నాడు. చైర్మన్ నవ్వుతూ తల ఊపాడు. రేపు ఫోన్ చేస్తానన్నాడు.

ఆటో ఎక్కాం.

"పళ్లతోని కొరికినవ్ చూడు తాతా," అంది మనవరాలు. "గది హైలైట్."

"నువ్వు నోర్ముయ్," అంది కోడలు. తర్వాత నా వైపు తిరక్కుండానే అంది, "ఒక్క గంట మామయ్యా. ఒక్క గంట చేతులు ముడుచుకోని కూసుంటే అయిపోతుండె."

"చేతులు నన్నడగలే బిడ్డా," అన్నాను.

మా వాడు రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం ఫోనొచ్చింది. మా వాడు బాల్కనీలో నిలబడి మాట్లాడి లోపలికి వచ్చాడు. ఇల్లు మనకే అన్నాడు. పిల్ల ఎగిరి గంతేసింది. వాడు కూర్చుని మిగతాది చెప్పాడు. చైర్మన్‌కు అంతా అర్థమైందట. కోపమేమీ లేదట. ఆయన దుకాణంలో మగ్గాల నుంచి వచ్చే థాన్లు, అంటే బట్ట చుట్టలు విప్పి, తప్పులు పట్టే మనిషి మానేశాడట. చాచా, అంటే నేను, పొద్దున రెండు గంటలు వచ్చి కూర్చుంటే చాలన్నాడట. ఒకే ఒక్క మాట, సొసైటీలో మాత్రం మాస్టర్‌జీగానే ఉండాలి. చైర్మనే కారీగర్‌ను తెచ్చి ఇంట్లో పెట్టాడని నలుగురూ అనకూడదు.

"అంటే దుకాణంల కారీగర్, లిఫ్టుల మాస్టర్," అన్నాను. "మధ్యల ఏ అంతస్తుల దిగాల్రా నేను?"

"అందరం గట్లనే బతుకుతున్నం బాపు. క్లాసుల నేనొక తీరు, ప్రిన్సిపాల్ ముందట ఒక తీరు. రెండు గంటలే గదా. నీకు సుత జర పొద్దుపోతది."

"నా పని చెప్పుకుంటానికి సిగ్గుపడ్డోనివి, నా పని చెయ్యమంటానికి సిగ్గుపడవేందిరా?"

జవాబు కోడలు చెప్పింది. గొంతు పెంచలేదు.

"మీ పౌరుషంతోని అత్తమ్మ బతికినన్ని రోజులు బతికింది మామయ్యా. ఎన్నిసార్లు పని ఇడిసిపెట్టి వచ్చినా సామాన్లు మూట కట్టుకోని మీ ఎంట నడిచింది. ఇప్పుడు గా మూట దీని నెత్తి మీద పెడ్తరా?"

ఆమె చూపించిన వైపు పిల్ల ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఉంది. పుస్తకం తెరిచే ఉంది, పేజీ తిరగడం లేదు. ఆ మాటకు బాధ కలగాలి. ఎక్కడో కలిగే ఉంటుంది. నేను దుప్పటి నేత వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు వాళ్లు బడికి వెళ్లాక ఆటో ఎక్కి మార్కెట్‌కు పోయాను. ఒప్పుకుందామనే పోయాను. ఈ మాట నమ్మాలి. దారి పొడుగునా నేను అనుకున్నది ఇదే: అబద్ధం ఎవరిది, సిగ్గు ఎవరిది అని తవ్వుకుంటూ కూర్చునే వయసు కాదు, పిల్ల పదో తరగతి.

చైర్మన్ లేచి నిలబడి గద్దె మీద చోటు చూపించాడు. చాయ్ చెప్పాడు. ఒక థాను నా ముందు పరిపించాడు. చేత్తో రాస్తూ జరిపాను. ఒకచోట పేక, అంటే అడ్డపోగు, తప్పింది. ఇంకోచోట నూనె మరక, ఉతికితే పోనిది. చూపించాను. అతను తొడ చరుచుకుని, ఎదురు దుకాణంలో ఉన్నాయన్ని కేకేసి పిలిచాడు.

"రండి రండి, ఈ కళ్లు చూడండి!"

ఆయన వచ్చి, ఎవరీయన అని అడిగాడు.

"మన సొసైటీలోకి కొత్తగా వస్తున్న టీచర్ల ఇంటి పెద్దాయన. మాస్టర్‌జీ. పొద్దుపోక ఇలా వచ్చి కూర్చుంటారు." చైర్మన్ నాతో అన్నాడు, "ఈయనది మీ పై అంతస్తే."

దుకాణంలో కారీగర్‌ననుకున్నాను. ఇక్కడా కాదట. నా వేలు ఇంకా ఆ తప్పు మీదే ఉంది. ఏ స్కూల్లో చేశారు మాస్టర్‌జీ అని ఎదురు దుకాణం ఆయన మర్యాదగా అడిగాడు.

"మాస్టర్ నహీ," అన్నాను. "కారీగర్. యహీఁ ఉధ్నా మే, బాయీస్ సాల్." ఇక్కడే, ఇరవై రెండేళ్లు.

కేకలేయలేదు. బల్ల గుద్దలేదు. టైమెంతైందంటే చెప్పినట్టు చెప్పాను. ఎదురు దుకాణం ఆయన చైర్మన్ వైపు చూశాడు, నవ్వాడు, ఏదో పని ఉందని వెళ్లిపోయాడు.

చైర్మన్ నన్ను ఒక్క మాట అనలేదు. థాను తానే మడతపెట్టాడు. "చాచా, నేనేం చేయను చెప్పండి," అన్నాడు. "సాయంత్రానికి సొసైటీలో అందరికీ తెలుస్తుంది. నాకొక్కడికే తెలిస్తే ఫరవాలేదు, వాళ్లకు తెలిశాక వద్దనాల్సిందే." చాయ్ చల్లారిపోతోంది, తాగండి అన్నాడు. తాగాను.

బడి నుంచి వచ్చాక ముగ్గురికీ చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను, ఏదీ తగ్గించలేదు. మా వాడు విని, "మంచిది బాపు," అని బ్రోకరుకు ఫోన్ కలిపాడు. కోడలు బియ్యం కొలిచి బాత్రూంలోకి తీసుకెళ్లింది. పిల్ల బూట్లు విప్పుకుంది. ఎవరైనా తిడతారని ఎదురుచూశాను. అన్నం అయింది, తిన్నాం.

ఇరవై తొమ్మిదో రోజున సాంచాల పేటలో, బమ్రోలిలో ఇల్లు దొరికింది. ఇంటాయన మా దిక్కువాడే, నాలాగే సాంచాల మీద పనిచేసి, నాలుగు సొంతానికి పెట్టుకున్నాడు. మాంసం సంగతి అడగలేదు. నన్నొక్కణ్ణే చూసి, "ఏ కార్ఖాన్ల చేసినవే అన్నా?" అన్నాడు. చెప్పాను. "అరె, గా సేటు దగ్గర నేను సుత మూడేండ్లు చేసిన గదనే!" అని తాళంచెవి తెచ్చి మా వాడి చేతిలో పెట్టాడు. ఇంకేమీ అడగలేదు. పై అంతస్తు, రెండు గదులు, పక్కన ఒక చిన్నది. చిన్నదానికి తలుపుంది. కింద రాత్రీ పగలూ చప్పుడు చేస్తూ నడిచే నాలుగు సాంచాలున్నాయి. ఎడమ పక్కింట్లో ఎనిమిది, వెనక ఎన్నో నేను చూడలేదు.

అక్కడి నుంచి బడికి గంటకు పైన. ముగ్గురూ ఆరు కాకముందే బయల్దేరతారు. ఇప్పుడు ఇంటి వంట, పప్పులో బెల్లం లేదు. ఆదివారం ఆదివారంలా ఉంది. కింద ఇంటాయన వచ్చి పాత సంగతులు చెబుతాడు, నేను ఊఁ కొడతాను.

మొదటి ఆదివారం మధ్యాహ్నం పిల్ల తన గదిలోంచి బయటికి వచ్చింది. రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుంది. ఒకటి తీసి అడిగింది.

"ఇవి ఎప్పుడు బంద్ అయితయ్ తాతా?"

"కరెంటు పోతె బంద్ అయితయ్ బిడ్డా."

"కరెంటు ఎప్పుడు పోతది?"

"సూరత్‌ల పోదు."

సరే అన్నట్టు తలూపింది. దూది మళ్లీ చెవిలో పెట్టుకుని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.